నీళ్లు పడితే చాలదు

పావగడ తాలూకాలో బోరు బండి ఆగిన చోట గుమిగూడినవాళ్లు అడిగేది ఒక్కటే: ఎన్ని అంగుళాలు పడ్డాయి? రెండు అంగుళాలు పడితే ఆ ఇంట పండగ. పడకపోతే పక్కన ఇంకో పాయింటు, ఇంకో అప్పు. పడ్డ నీళ్లు ఎలాంటివని మాత్రం ఎవరూ అడగరు. మడకశిర, రొద్దం, కంబదూరు, కళ్యాణదుర్గం వైపు పొలాల్లో కూడా ఇదే తీరు. మూడు వైపులా ఆంధ్ర నేల ఆనుకుని, ఇళ్లలో తెలుగు, కచేరీలో కన్నడ నడిచే ఈ తాలూకాకూ సరిహద్దు అవతలి మండలాలకూ రాయి ఒకటే, వాన ఒకటే, అడుగున నీరూ దాదాపు ఒకటే. ఈ ప్రాంతంలో టమోటా, మిరప, బీన్సు, వంకాయ వేసి దెబ్బతింటున్న రైతు ఆ నష్టాన్ని తెగులు మీదో, విత్తనం మీదో, మార్కెట్ మీదో వేస్తున్నాడు. వాటి పాత్ర ఉన్నమాట నిజమే. అయితే ఆ నష్టంలో ఒక వాటా మోటారు తోడి పోస్తున్న నీటిలోని ఉప్పుదని, ఆ వాటా ఎంతో తేల్చే పరీక్ష పంట వేసే ముందే జరగాలని, దాన్ని రైతు తీరికకు వదిలేయకుండా ప్రభుత్వాలు తమ పనిగా చేసుకోవాలని నా వాదన.

తాగే నీటి విషయంలో ఈ మేలుకొలుపు ఎప్పుడో జరిగింది. పావగడ ఫ్లోరైడ్ కథ రెండు రాష్ట్రాలకూ తెలుసు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోతే మంచిదని, వేరే దారి లేనిచోట 1.5 దాకా ఓర్చుకోవచ్చని మన తాగునీటి ప్రమాణం చెబుతుంది. ఆ గీత దాటిన నీళ్లు పిల్లల పళ్ల మీద మచ్చలుగా, పెద్దల కీళ్లలో బిగుతుగా కనిపించాకే ఊరూరా ఆర్వో ప్లాంట్లు వచ్చాయి, తుంగభద్ర నుంచి తాగునీరు తెచ్చే పథకం వచ్చింది. ఇక్కడ పొలానికి సంబంధించిన ఒక సంగతి మరుగున పడిపోయింది. నీటిలో కాల్షియం దండిగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దింపేస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువగా తేలే గ్రానైటు ప్రాంతపు నీళ్లలో అందుకే తరచుగా కాల్షియం తక్కువ, సోడియం, బైకార్బొనేట్ ఎక్కువ. మనిషి ఎముకకు చేటు చేసే నీటి కూర్పే మట్టికీ చేటు చేసే కూర్పు కావచ్చన్నమాట. ఊళ్లో ఆర్వో ప్లాంటు పెట్టాల్సి వచ్చిందంటే ఆ ఊరి పొలాల బోర్లన్నిటినీ అనుమానించాలి. మనం మాత్రం బిందెలో నీళ్లను పరీక్షకు పంపి, కాలువలో నీళ్లను అలాగే పారనిచ్చాం.

ఉప్పు మొక్కను ఎలా దెబ్బ తీస్తుందో తెలిస్తే ఈ నిర్లక్ష్యం ఖరీదు అర్థమవుతుంది. మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట బయటికి దిగుతుంది. ఉప్పు పేరుకున్న మట్టిలో వేరు పడే అవస్థ కూడా ఆ సూత్రం మీదే నడుస్తుంది. బయట ఉప్పు పెరిగేకొద్దీ నీటిని లోపలికి లాక్కోవడం వేరుకు కష్టమవుతుంది. నేల తడిగానే ఉంటుంది, మొక్కకు మాత్రం కరువే. ఉన్న నీటిని కాపాడుకోవడానికి ఆకులు తమ రంధ్రాలు మూసుకుంటాయి. అలా మూసుకుంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కూడా లోపలికి రాదు, ఆహారం తయారీ తగ్గుతుంది. కొత్త ఆకు చిన్నగా వస్తుంది, కొమ్మ ఆలస్యంగా వేస్తుంది. వేరు కణాలు బయటి ఉప్పుకు సరితూగడానికి ప్రోలిన్, చక్కెరల వంటివి లోపల పోగుచేసుకుంటాయి. కాయకు పోవాల్సిన శక్తిలో కొంత ఈ ఆత్మరక్షణకే ఖర్చయిపోతుంది. ఇదంతా ఆకు మీద ఒక్క మచ్చయినా పడకముందే జరిగిపోతుంది. చేను పచ్చగానే ఉంది కదా అనుకునే రోజుల్లోనే దిగుబడి తరుగుతూ ఉంటుంది.

రెండో దెబ్బ తర్వాత వస్తుంది. ఈ రెండు దశల తేడాను రాణా మన్స్, మార్క్ టెస్టర్ అనే శాస్త్రవేత్తలు 2008లో రాసిన సమీక్షలో విడమరిచి చూపారు. నీటితో పాటు లోపలికి చేరిన సోడియం, క్లోరైడ్ ముదురు ఆకుల్లో పోగవుతాయి. ఆకు అంచులు మాడతాయి, ముదురాకులు ముందే రాలతాయి. పొటాషియం చేయాల్సిన పనుల్లో సోడియం అడ్డుపడుతుంది. కాల్షియం కాయ దాకా చేరడం తగ్గుతుంది. టమోటా కాయ అడుగున నల్లగా, తోలులా గట్టిపడే మచ్చ దాని ఫలితమే. ఆ మచ్చకు ఉప్పు ఒక్కటే కారణం కాదు, నీటి తడులు ఎగుడుదిగుడైనా వస్తుంది, కానీ ఉప్పు నీరు దాన్ని పెంచుతుంది. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది దీని తర్వాతి ఘట్టం. కాయ మచ్చను చూసి రైతు శిలీంధ్రపు మందు కొడతాడు. అది శిలీంధ్రం కాదు గనుక మందు పనిచేయదు. మధ్యాహ్నం వాడిన ఆకును చూసి మోటారు ఇంకో గంట నడుపుతాడు. దాంతో ఇంకొంత ఉప్పు చేరుతుంది. ఎదుగుదల లేదని మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేస్తాడు. ఆ ఎరువులో బరువుకు దాదాపు సగం క్లోరైడే. మట్టి నీటిలో ఉప్పదనాన్ని పెంచే గుణాన్ని ఎరువులకు సూచికతో కొలుస్తారు. సోడియం నైట్రేట్‌ను 100గా పెట్టుకుంటే మ్యూరేట్‌ది 116, సల్ఫేట్ ఆఫ్ పొటాష్‌ది 46. రోగమేదో తెలియకుండా చేసిన ప్రతి వైద్యమూ రోగాన్ని ముదరబెడుతోంది, ఖర్చంతా రైతు ఖాతాలో పడుతోంది.

అన్ని కూరగాయలూ ఉప్పుకు ఒకేలా లొంగవు. పరీక్ష ఎందుకు అవసరమో చెప్పే అసలు ఆధారం ఇదే. అమెరికాలో రివర్‌సైడ్‌లోని లవణ ప్రయోగశాలకు చెందిన మాస్, హాఫ్‌మన్ 1977లో అనేక పంటల ప్రయోగాలను ఒకచోట చేర్చి ప్రతి పంటకూ రెండు అంకెలు ఇచ్చారు. వేరు దగ్గర ఉప్పు ఏ మట్టం దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుంది, దాటాక ఒక్కో యూనిట్‌కు ఎంత శాతం చొప్పున పడిపోతుంది అన్నవి ఆ అంకెలు. ఉప్పును విద్యుత్ వాహకతగా కొలుస్తారు, మన ప్రయోగశాలల భాషలో ఈసీ (ఇక్కడ యూనిట్ అంటే మీటరుకు ఒక డెసీసీమెన్). నీటి ఈసీ 2 ఉందనుకుందాం. నోటికి కాస్త ఉప్పగా తగిలే నీరే, కానీ మోటారు ఆపేయాల్సినంత చెడ్డగా ఎవరికీ తోచదు. మామూలు తడులతో వేరు దగ్గర ఈసీ సుమారు ఒకటిన్నర రెట్లు, అంటే 3కి చేరుతుంది. ఆ పట్టికకు తర్వాత వచ్చిన సవరణలు కూడా కలిపి లెక్కిస్తే బీన్సు దిగుబడిలో 38 శాతం పోతుంది. ఎర్రగడ్డకు, క్యారెట్‌కు 28-29 శాతం, మిరపకు 21, వంగకు 13, క్యాబేజీకి 12, టమోటాకు 5 శాతం నష్టం. బీట్‌రూట్‌కు, అలసందకు ఏమీ కాదు. అదే నీటి ఈసీ 3 అయితే బీన్సు మూడింట రెండు వంతులు పోతుంది, ఎర్రగడ్డ సగానికి పైగా పోతుంది, టమోటా ఐదో వంతు పోతుంది, బీట్‌రూట్ మాత్రం నాలుగైదు శాతంతో తట్టుకుంటుంది. ఈ నేల ప్రధాన పంట వేరుశనగ సంగతి ఇంకా గమనించదగ్గది. ఈసీ 3.2 దాకా చలించదు, ఆ తర్వాత ఒక్కో యూనిట్‌కు 29 శాతం చొప్పున కూలిపోతుంది. వానకు పండే ఖరీఫ్ శనక్కాయకు ఈ బెడద లేదు, బోరు కింద వేసిన వేసవి పంటకు ఉంది. ఒకే బోరు, ఒకే రైతు, ఒకే చాకిరీ. ఏ నారు నాటాడన్న దాన్ని బట్టి ఒక చేను మిగులుతుంది, ఇంకోటి మునుగుతుంది. అంకె చేతిలో లేకుండా ఆ ఎంపిక ఎలా చేస్తాడు?

నీటితో పాటు పొలానికి ఎంత ఉప్పు మోస్తున్నామో కూడా లెక్క కట్టవచ్చు. ఎకరా కూరగాయకు మొత్తం తడులు కలిపి 400 మిల్లీమీటర్లనుకుంటే దాదాపు 1,600 ఘనపు మీటర్ల నీరు. ఈసీ 2 ఉన్న నీటిలో ఘనపు మీటరుకు దగ్గర దగ్గర 1.28 కిలోల లవణాలుంటాయి. అంటే ఒక్క పంటకాలంలో ఎకరా మీద రెండు టన్నుల ఉప్పు. మొక్క నీటిని తీసుకుని ఉప్పును దాదాపుగా వదిలేస్తుంది, ఎండ నీటిని లాగేసి ఉప్పును వదిలేస్తుంది. డ్రిప్పు దీనికి కొంత విరుగుడు. వేరు చుట్టూ తడి ఆరనివ్వదు గనుక ఉప్పు గాఢత అదుపులో ఉంటుంది. అయితే అది ఉప్పును మాయం చేయదు, తడి వలయం అంచులకు నెడుతుంది. తొలి చిన్న వాన ఆ అంచు ఉప్పును తిరిగి వేరు మీదికి కడిగి తెస్తుంది. అందుకే వాన మొదలవగానే డ్రిప్పు కట్టేయకుండా, నేల బాగా తడిసేదాకా నడపాలన్నది ఉప్పు నీటి సేద్యంలో స్థిరపడిన సలహా. వాన పడుతుంటే మోటారు వేయడం మన అలవాటుకు పూర్తిగా విరుద్ధం. డ్రిప్పుకు ఉదారంగా సబ్సిడీ ఇచ్చే ప్రభుత్వాలు ఈ ఒక్క మాటను కూడా రైతు చెవిన వేస్తే బాగుంటుంది.

ఇది సముద్ర తీరం కాదు, డెల్టా చౌడు కాదు, నీరు నిలవని ఎర్రనేల, వానలకు ఉప్పంతా కొట్టుకుపోతుంది అనే ఆక్షేపణ ఉంది. ఇందులో సగం నిజం. ఎర్రనేల నీటిని కిందికి వదలడం గొప్ప వరం, నల్లరేగడికి ఆ అదృష్టం లేదు. కానీ ఉప్పును కిందికి దించాలంటే దించేంత వాన కావాలి. తుమకూరు జిల్లాలో బాగా తక్కువ వాన పడే తాలూకాల్లో పావగడ ఒకటి. ఉత్తర పినాకిని నాగలమడికె మీదుగా పోతున్నా ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కనిపిస్తుంది. వరసగా రెండేళ్లు వాన ముఖం చాటేస్తే దిగాల్సిన ఉప్పు పైనే ఉండిపోతుంది. దిగిన ఉప్పు పోయేదీ మన కిందికే. మళ్లీ మనమే తోడుకునే నీటిలోకే అది చేరుతుంది. చెరువులు నిండి ఆ నీటిని పలచన చేస్తే తప్ప ఈ చక్రం ఆగదు. పైగా సోడియం, బైకార్బొనేట్ నీళ్లు ఎర్రనేల వరాన్నే లాగేసుకుంటాయి. మట్టి రేణువులు విడిపోయి పైన పెళుసు పొర కడుతుంది, నీరు ఇంకదు, క్రమంగా అది కారు చౌడు దారి పడుతుంది. దానికి విరుగుడు జిప్సం. ఊడలు దిగేవేళ ఎకరాకు 200 కిలోల జిప్సం వేయడం వేరుశనగ రైతుకు కొత్త కాదు. కానీ నీటిలో మిగులు కార్బొనేట్, అంటే కాల్షియం, మెగ్నీషియంలను మించిన కార్బొనేట్, లీటరుకు ఒక్క మిల్లీ ఈక్వివలెంట్ ఉంటేనే, పైన చెప్పిన 1,600 ఘనపు మీటర్లకు స్వచ్ఛమైన జిప్సం 140 కిలోల దాకా కావాలి. ఆ మిగులు మూడుంటే మూడింతలు కావాలి. ఉప్పే ఉండి ఈ మిగులు లేని నీటికి అయితే ఆ ఖర్చు వృథా. ఏ బోరుది ఏ రకం అన్నది కంటితో చూసి చెప్పగలిగేది కాదు.

ఇంకొందరు తుంగభద్ర నీరు, ఎగువ భద్ర ప్రాజెక్టు నీరు పొలాలకూ వస్తాయి, అప్పుడు అన్నీ సర్దుకుంటాయంటారు. నది నీరు రావాలని కోరుకోనివారు ఇక్కడ లేరు. కానీ తుంగభద్ర పథకం వచ్చింది గొంతు తడపడానికి, చేను తడపడానికి కాదు. చెరువులు నింపే నీరు వస్తే అది నిజంగా మేలే, బోరు నీరు పలచబడుతుంది. కానీ నది నీరు వచ్చినంత మాత్రాన ఉప్పు పోదని చూపే ఉదాహరణ కర్ణాటకలోనే ఉంది. 1953 నుంచి తుంగభద్ర నీరందుకుంటున్న ఆయకట్టులో గంగావతి, సింధనూరు వైపు మితిమీరిన తడులతో అడుగు నీరు పైకి లేచి వేల ఎకరాలు చౌడుబారాయి. ఉప్పు నేలల మీద అఖిల భారత పరిశోధన పథకం కింద గంగావతిలో ఒక కేంద్రం పనిచేస్తున్నది ఆ అవసరం వల్లే. అది నల్లరేగడి, మనది ఎర్రనేల, నిజమే. ఏ నీరు వచ్చినా దాన్ని కొలిచి వాడాల్సిందే అన్న పాఠం మాత్రం రెండింటికీ చెల్లుతుంది.

ఉప్పును తట్టుకునే వంగడాలు వస్తాయి కదా అన్న ఆశ కూడా వినిపిస్తుంది. 1969లో మొదలైన కర్నాల్ కేంద్రీయ మృత్తికా లవణీయత పరిశోధన సంస్థ వరిలో, గోధుమలో, ఆవాల్లో అలాంటి రకాలు ఇచ్చింది. కూరగాయల్లో దారి అంత సుగమంగా లేదు. టమోటా అడవి బంధువుల్లో ఉప్పును ఓర్చేవి ఉన్నాయి, గాలపాగోస్ దీవుల సముద్రపు ఒడ్డున పెరిగేదీ ఒకటుంది. కానీ ఆ ఓర్పు ఒక్క జన్యువుది కాదు. అనేక జన్యువులు కలిసి మోసే గుణం అది. దాన్ని పెద్ద కాయ, మంచి దిగుబడితో కలపబోతే ఒకటి పట్టుకునేసరికి ఇంకొకటి జారిపోతోంది. పరిశోధన సాగాల్సిందే. ఈలోగా అప్పు తెచ్చి నారు నాటే రైతుకు రేపటి వంగడం ఈరోజు సమాధానం కాదు. ఉప్పు నీటి టమోటా తియ్యగా ఉంటుందని, ఇజ్రాయెల్ ఎడారిలో అలా పండించి అమ్ముతున్నారని కూడా అంటారు. అదీ నిజమే, కాయ చిన్నదై లోపల చక్కెర చిక్కబడుతుంది. కానీ కోలారు, మదనపల్లె మార్కెట్లలో ధర పలికేది బాక్సుకు, తీపికి కాదు. చిన్నకాయను పక్కకు తోసే మార్కెట్‌ను నమ్మి ఆ దారి పట్టమని రైతుకు చెప్పలేం.

వీటన్నిటిలో బరువైన ఆక్షేపణ ఇంకొకటి ఉంది. రివర్‌సైడ్ అంకెలు మన నేలకు, మన ఎండకు, మన రకాలకు ఎలా వర్తిస్తాయి అని. అక్షరాలా వర్తించవు. అవి తక్కినవన్నీ బాగున్నప్పుడు వచ్చే దిగుబడితో పోల్చి చెప్పిన శాతాలు. ఎండ, పొడిగాలి ఎక్కువైతే నష్టం ఇంకా పెరుగుతుంది, జిప్సం సహజంగా ఉన్న నేలలో కొంత తగ్గుతుంది. అయినా బీన్సు మెత్తనిది, బీట్‌రూట్ మొండిది అన్న వరస మారదు. ముందుగా నాటాల్సింది ఏదో చెప్పడానికి ఆ వరస చాలు. కచ్చితమైన అంకెలు కావాలంటే తుమకూరు పక్కనే హిరేహళ్లిలో ఉద్యాన పరిశోధన కేంద్రం ఉంది, గంగావతి ఉంది, తెలుగు నేల మీద బాపట్ల కేంద్రం ఉంది. పావగడ, మడకశిర బోరు నీళ్లతో, ఈ ఎర్రమట్టిలో, ఇక్కడ అమ్ముడయ్యే రకాలతో ప్రయోగాలు వేయమని ఆ కేంద్రాలను రెండు ప్రభుత్వాలూ అడగాలి. అంకెలు అరువు తెచ్చుకున్నవని పరీక్షే మానుకుంటే మనకంటూ అంకెలు ఎన్నటికీ రావు.

పరీక్ష పెద్ద ఖర్చు కాదు. 2015 ఫిబ్రవరిలో మొదలైన భూసార కార్డు మట్టిలో 12 గుణాలను చూస్తుంది. వాటిలో ఉదజని సూచిక ఉంది, ఈసీ కూడా ఉంది. కానీ ఆ కార్డులో బోరు నీటికి ఒక్క గడి కూడా లేదు. బోరు మీదే బతికే మెట్ట ప్రాంతంలో ఇది చిన్న లోపం కాదు. మట్టి ఈరోజు బాగున్నా, రెండేళ్ల తర్వాత ఎలా ఉంటుందో నిర్ణయించేది నీరే. ఆ కార్డులో నీటికి నాలుగు గడులు చేర్చాలి: ఈసీ, సోడియం నిష్పత్తి, మిగులు కార్బొనేట్, క్లోరైడ్. డ్రిప్పు సబ్సిడీ దరఖాస్తుతోనే నీటి పరీక్ష ఉచితంగా జరగాలి. ఇది రైతును తిప్పలు పెట్టే షరతుగా కాక, అతనికి అందే సేవగా ఉండాలి. ఫలితం కాగితంతో పాటు ఆ నీటికి ఏ పంట నిలుస్తుందో, జిప్సం కావాలో వద్దో తెలుగులోనూ కన్నడలోనూ రాసి ఇవ్వాలి. కర్ణాటక 2014లో మొదలుపెట్టిన కృషిభాగ్య పథకం కింద తవ్విన నీటి గుంటలున్న చోట, ఆ కొద్దిపాటి వాన నీటిని నారుమడికి, నాటిన తొలి వారాలకు దాచమని చెప్పాలి. ఉప్పుకు మొక్క ఎక్కువగా లొంగేది ఆ లేత వయసులోనే. కుదురుకున్న టమోటా ఆ తర్వాత బోరు నీటిని కొంత ఓర్చుకోగలదు.

ఈ తాలూకాలోనే 2018లో ప్రారంభమైన సోలార్ పార్కుకు తిరుమణి చుట్టుపక్కల 5 గ్రామాల్లో దాదాపు 13,000 ఎకరాలు లీజుకు వెళ్లాయి. నీరు లేని భూమికి కౌలు రావడాన్ని తప్పుపట్టలేం. మిగిలిన భూమిని సేద్యంలో నిలబెట్టాలంటే మాత్రం దాని కింది నీటి స్వభావం తెలియాలి. ఈ తాలూకా రైతులకూ, సరిహద్దు అవతల మండలాల రైతులకూ నా విన్నపం ఇది. ప్రభుత్వం కదిలేదాకా ఆగకండి. వచ్చే నారు కొనే ముందు మోటారును కాసేపు నడిపి, శుభ్రమైన లీటరు సీసాను అదే నీటితో రెండు మూడు సార్లు కడిగి, గాలి మిగలకుండా నింపి, బిగుతుగా మూత పెట్టి, సర్వే నంబరు, బోరు లోతు రాసి, ఒకటి రెండు రోజుల్లో దగ్గరలోని వ్యవసాయ ప్రయోగశాలకు చేర్చండి. వేసవి చివర ఒకసారి, వానలయ్యాక ఒకసారి ఇలా చేయించండి. ఆ ఫలితాలు చూశాకే ఏ పంట వేయాలో నిర్ణయించండి.